ఆగిన జీతం మళ్లీ వస్తుందా? చట్టం, తేదీ, వడ్డీ.. ఈ మూడూ ఎందుకు చూడాలి

2020 జులై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు జీతాలు పడలేదు. బిల్లులు సిద్ధంగా ఉన్నాయి. ఖజానా నుంచి డబ్బు తీయడానికి కావాల్సిన చట్టబద్ధమైన అనుమతి మాత్రం ఆ రోజుకు లేదు. కోయిలకుంట్ల లాంటి మండల కేంద్రంలో పనిచేసే టీచర్ నుంచి సచివాలయంలోని అధికారి దాకా అందరిదీ అదే పరిస్థితి.

అంతకు మూడు నెలల ముందే ఇదే ఉద్యోగుల జీతంలో సగం మరో కారణంతో ఆగిపోయింది. మొదటి సమస్య రోజుల్లో తీరింది. రెండోది హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

అమెరికాలో 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు 43 రోజులు ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు, అక్కడి ఫెడరల్ ఉద్యోగులకు ఆగిన జీతం తిరిగి ఇస్తారా లేదా అనే చర్చ మన దగ్గరా నడిచింది. మరి మన దగ్గర జీతం ఆగితే ఏమవుతుంది? పనిచేసిన రోజులకు డబ్బు తప్పకుండా వస్తుందా? ఆలస్యానికి వడ్డీ ఇస్తారా? వీటికి జవాబులు 2020లోనే ఉన్నాయి.

మన దగ్గర షట్‌డౌన్ రాదా?

అమెరికా తరహాలో రావడం కష్టం. అక్కడ చట్టసభ నిధులు మంజూరు చేయకపోతే ప్రభుత్వం ఖర్చు పెట్టకూడదు. అలాగని ప్రభుత్వం పడిపోదు. అధ్యక్షుడు ఉంటారు, ఆఫీసులు మాత్రం మూతపడతాయి.

మన దగ్గర కూడా రాజ్యాంగంలోని 266వ అధికరణ ప్రకారం చట్టం చేయకుండా సంచిత నిధి నుంచి రూపాయి కూడా తీయకూడదు. కానీ బడ్జెట్‌కు సభలో మెజారిటీ లేకపోతే ఆ ప్రభుత్వమే నిలబడదు. పూర్తి బడ్జెట్ ఆలస్యమైతే కొన్ని నెలల ఖర్చుకు 'ఓటాన్ అకౌంట్' తీసుకునే వీలుంది. అందుకే మన దగ్గర ఆ ఖాళీ సాధారణంగా రాదు.

2020లో ఏపీలో వచ్చింది. కరోనా వల్ల మార్చిలో అసెంబ్లీ సమావేశాలు జరగలేదు. దాంతో ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఖర్చులకు ఆర్డినెన్స్ ద్వారా ఓటాన్ అకౌంట్ తీసుకున్నారు. దాని గడువు జూన్ 30తో ముగుస్తుంది. పూర్తి బడ్జెట్‌కు సంబంధించిన ద్రవ్య వినిమయ బిల్లును జూన్‌లో అసెంబ్లీ ఆమోదించింది. శాసనమండలిలో మాత్రం సీఆర్‌డీఏ రద్దు, పాలనా వికేంద్రీకరణ బిల్లులపై రగడ జరిగి, ఈ బిల్లు తేలకుండానే జూన్ 17న సభ నిరవధికంగా వాయిదా పడింది.

ఆర్థిక బిల్లును మండలి ఆపలేదు. 198వ అధికరణ ప్రకారం 14 రోజుల్లో తిప్పి పంపకపోతే రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. అయితే ఆ 14 రోజులు గడిచే వరకు ఆగాల్సిందే. ఆ గడువు, ఓటాన్ అకౌంట్ గడువు దాదాపు ఒకేసారి ముగియడంతో ఒకటో తారీఖు జీతం చిక్కుకుంది. తర్వాత గవర్నర్ ఆమోదం వచ్చింది, జీతాలు పడ్డాయి. ఎవరికీ రూపాయి పోలేదు. ఈఎంఐ తేదీ ఒకటో తారీఖున పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఇబ్బంది తప్పలేదు.

ఇక్కడ గడువు ఎప్పుడు తీరుతుందో రాజ్యాంగంలోనే రాసి ఉంది. అందుకే ఎంత గొడవ జరిగినా సమస్య రోజులతో ముగిసింది. రెండో సమస్యకు అలాంటి గడువు లేదు.

సగం జీతం ఎందుకు ఆగింది?

2020 మార్చి 31న ఏపీ ఆర్థిక శాఖ జీవో 26 ఇచ్చింది. కరోనా లాక్‌డౌన్ వల్ల ఆదాయం పడిపోయిందని, జీతాల్లో కొంత భాగం చెల్లింపును వాయిదా వేస్తున్నామని అందులో చెప్పింది. ఎవరికి ఎంత అంటే:

- ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఇతర ప్రజాప్రతినిధులకు 100 శాతం
- ఐఏఎస్, ఐపీఎస్ వంటి అఖిల భారత సర్వీసుల అధికారులకు 60 శాతం
- మిగతా ప్రభుత్వ ఉద్యోగులకు 50 శాతం
- నాలుగో తరగతి, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, గ్రామ వార్డు సచివాలయ ఉద్యోగులకు 10 శాతం

రిటైర్డ్ ఉద్యోగుల పెన్షన్లకూ ఇలాంటి శ్లాబులే పెట్టారు. ఏప్రిల్ 4న మరో జీవో ఇచ్చి వైద్య ఆరోగ్య, పోలీసు సిబ్బందికి, పారిశుద్ధ్య కార్మికులకు పూర్తి జీతం ఇచ్చారు. ఏప్రిల్ నుంచి పెన్షన్లను కూడా పూర్తిగా ఇచ్చారు. మిగతా ఉద్యోగులకు మార్చి, ఏప్రిల్ నెలల జీతంలో కొంత భాగం ఆగిపోయింది.

'వాయిదా' అన్నారు. కానీ ఎప్పటికి వాయిదా? తేదీ చెప్పలేదు. అసలు గొడవ అక్కడే మొదలైంది.

కోర్టు ఏం చెప్పింది?

ఒక విశ్రాంత జిల్లా, సెషన్స్ న్యాయమూర్తి హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేశారు. 2020 ఆగస్టు 11న హైకోర్టు తీర్పు ఇచ్చింది. జీతం, పెన్షన్ ఉద్యోగి ఆస్తి కిందకు వస్తాయని, 300ఎ అధికరణ ప్రకారం చట్టం ఆధారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని చెప్పింది. ఆపిన మొత్తాన్ని 12 శాతం వార్షిక వడ్డీతో రెండు నెలల్లో చెల్లించాలని ఆదేశించింది.

ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అసలు మొత్తం ఇవ్వడానికి ఒప్పుకుని, రెండు విడతల్లో చెల్లిస్తామంది. వడ్డీ మాత్రం వద్దని వాదించింది. తాము దురుద్దేశంతో ఆపలేదని, కరోనా వల్ల చేతిలో డబ్బు లేకే ఆపామని చెప్పింది.

2021 ఫిబ్రవరి 8న జస్టిస్ డీవై చంద్రచూడ్, జస్టిస్ ఎంఆర్ షాల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఉద్యోగి అప్పటికే చేసిన పనికి ప్రతిఫలమే జీతం, అది వాళ్లకు న్యాయంగా రావాల్సిందేనని స్పష్టం చేసింది. వడ్డీని ప్రభుత్వానికి శిక్షలా చూడకూడదంది. అయినా ఆలస్యం చేసిన ప్రభుత్వం తగిన వడ్డీ ఇవ్వాల్సిందేనని చెప్పింది. 12 శాతాన్ని 6 శాతానికి తగ్గించి, 30 రోజుల్లో చెల్లించమంది.

6 శాతం వడ్డీ అంటే ఎంత?

మన ఊళ్ల లెక్కలో చెప్పుకుందాం. నూటికి నెలకు ఒక రూపాయి ఇస్తే రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం. హైకోర్టు ఇవ్వమన్నది రూపాయి వడ్డీ. సుప్రీంకోర్టు దాన్ని అర్ధ రూపాయి చేసింది. బయట చేబదులు తీసుకుంటే రెండు రూపాయల వడ్డీ మామూలే, అంటే ఏడాదికి 24 శాతం.

ఉదాహరణకు రూ.40,000 జీతం ఉన్న ఉద్యోగికి ఒక నెలలో సగం, అంటే రూ.20,000 ఆగిందనుకుందాం. ఆ డబ్బు 8 నెలల తర్వాత చేతికి వచ్చింది. అర్ధ రూపాయి లెక్కన ప్రభుత్వం ఇచ్చే వడ్డీ రూ.800. రూపాయి లెక్కన అయితే రూ.1,600. అదే ఉద్యోగి ఆ రూ.20,000 కోసం బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఉంటే, కట్టాల్సింది రూ.3,200. అంటే కోర్టులో గెలిచినా రూ.2,400 నష్టమే.

వడ్డీ గురించి పట్టుబట్టడం అత్యాశ కాదు. జీతం ఆపినప్పుడు ప్రభుత్వం తన ఉద్యోగుల దగ్గర అప్పు తీసుకున్నట్టే. వడ్డీ లేకపోతే అది చాలా చవకైన అప్పు అవుతుంది, మళ్లీ మళ్లీ వాడాలనిపిస్తుంది. అర్ధ రూపాయి అయినా సరే వడ్డీ కట్టాల్సి వస్తుందని తెలిస్తే, తర్వాతిసారి జీవో ఇచ్చే ముందు ఒకసారి ఆలోచిస్తారు.

తెలంగాణ, కేరళలో ఏం జరిగింది?

2020లో జీతాలు ఆపింది ఏపీ ఒక్కటే కాదు. తెలంగాణ అంతకు ఒక రోజు ముందే, మార్చి 30న ఇలాంటి జీవో ఇచ్చింది. అక్కడా మెజారిటీ ఉద్యోగులకు 50 శాతమే. హైకోర్టులో పెన్షన్ల కోతపై ప్రశ్నలు రావడంతో జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చారు. విపత్తు సమయంలో జీతం, పెన్షన్లలో 50 శాతం వరకు వాయిదా వేసే అధికారాన్ని దాని ద్వారా ప్రభుత్వం తీసుకుంది.

కేరళ ప్రభుత్వం ఐదు నెలల పాటు నెలకు ఆరు రోజుల జీతం ఆపుతామంది. 2020 ఏప్రిల్ 28న హైకోర్టు స్టే ఇచ్చింది. వెంటనే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, 25 శాతం వరకు వాయిదా వేసే అధికారం తీసుకుంది.

తేడా గమనించండి. ఏపీ జీవోకు చట్టం అండ లేదు, కాబట్టి కోర్టులో నిలబడలేదు. తెలంగాణ, కేరళ అదే పనికి చట్టం తోడు తెచ్చుకున్నాయి. 'జీతం ఆస్తి, ఎవరూ ముట్టుకోలేరు' అని వాట్సాప్‌లో తిరిగే మాట అందుకే సగమే నిజం. 300ఎ అధికరణ చట్టం లేకుండా తీసుకోవద్దంటుంది. అసలు తీసుకోనే వద్దని అనదు. ఆర్థిక అత్యవసర పరిస్థితి విధిస్తే జీతాలు తగ్గించే అధికారం కూడా 360వ అధికరణలో ఉంది. దాన్ని దేశంలో ఇంతవరకు ఎప్పుడూ వాడలేదు.

వాయిదా, ఫ్రీజ్, కోత.. మూడూ ఒకటేనా?

కాదు. జీవో చదివేటప్పుడు ముందుగా చూడాల్సింది ఏ మాట వాడారన్నదే.

వాయిదా అంటే డబ్బు మీదే, ఆలస్యంగా వస్తుంది. ఏపీలో 2020లో జరిగింది ఇది.

ఫ్రీజ్ అంటే పెరగాల్సింది పెరగదు. కేంద్రం 2020 జనవరి 1 నుంచి 2021 జూన్ 30 వరకు మూడు డీఏ పెంపులను ఇలాగే ఆపింది. తర్వాత డీఏ పెంచారు కానీ, ఆ 18 నెలల బకాయి ఇవ్వలేదు.

ఇక పని చేయని రోజులకు జీతం ఉండదు. 'నో వర్క్ నో పే' అనేది ఇదే. సమ్మెలకు ఇది వర్తిస్తుంది. 2013 ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు సమైక్యాంధ్ర కోసం సీమాంధ్ర ఉద్యోగులు రెండు నెలలకు పైగా సమ్మె చేసినప్పుడు ప్రభుత్వం వాడింది ఈ సూత్రాన్నే. సమ్మె కాలానికి జీతం రావాలంటే ప్రభుత్వం తర్వాత ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోవాలి. తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 2019లో 50 రోజులకు పైగా సమ్మె చేశారు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అదే ఏడాది డిసెంబర్ 1న ఆ రోజులకూ జీతం ఇస్తామని ప్రకటించారు. అది రాజకీయ నిర్ణయం, చట్టం ఇచ్చిన హక్కు కాదు.

అమెరికాలో ఇక్కడే ఒక తేడా ఉంది. షట్‌డౌన్‌లో ఇంటికి పంపిన ఉద్యోగులు పని చేయరు. అయినా 2018-19లో 35 రోజుల షట్‌డౌన్ సమయంలో చేసిన చట్టం ప్రకారం వాళ్లకూ ఆగిన జీతం ఇవ్వాలి. 2025లో ఆ హామీ మీదే వైట్‌హౌస్ వైపు నుంచి సందేహాలు వచ్చాయి. చివరికి నవంబర్ 12 నాటి చట్టంలో చెల్లింపు సంగతి మళ్లీ రాయాల్సి వచ్చింది. ప్రభుత్వ కాంట్రాక్టు సంస్థల్లో పనిచేసేవాళ్లకు మాత్రం ఆ చట్టం వర్తించదు.

పెన్షన్ సంగతేంటి?

ఈ ప్రశ్నకు కోయిలకుంట్లలో పాత చరిత్ర ఉంది. 1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాడి చేసింది ఈ ఊరి ఖజానా మీదే. అప్పుడు కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. పాలెగాళ్ల వారసుడిగా ఆయనకు కంపెనీ ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. కుటుంబ పెన్షన్‌లో వాటా కోసం అడిగితే కాదన్నారు. మాన్యాలు వెనక్కి తీసుకోవడంతో ఇతరుల్లోనూ కోపం రగిలింది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలోనే ఉరి తీశారు.

కంపెనీ దృష్టిలో పెన్షన్ అంటే ఇష్టమైతే ఇచ్చేది, కాదంటే ఆపేది. స్వతంత్ర భారతంలో ఆ ఆలోచన మారడానికి చాలా ఏళ్లు పట్టింది. పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదని, గతంలో చేసిన సేవకు దక్కే హక్కని 1982 డిసెంబర్ 17న డీఎస్ నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెన్షనర్స్ డే ఆ తేదీనే జరుపుకోవడానికి కారణం ఇదే. 2020 పెన్షన్ కోతను కోర్టులు ఒప్పుకోకపోవడం వెనుకా ఈ సూత్రమే ఉంది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు?

2020 నాటి జీతం వచ్చేసింది. బకాయి అనే మాట మాత్రం పోలేదు. 2025 దీపావళికి ముందు ఏపీ ప్రభుత్వం ఒక డీఏను ప్రకటించింది. 2024 జనవరి నుంచి లెక్కకు వచ్చే 3.64 శాతం అది. అంటే దాదాపు రెండేళ్ల బకాయి పేరుకుంది. దాన్ని రిటైర్మెంట్ సమయంలో ఇస్తామని మొదటి ఉత్తర్వుల్లో ఉంది. సంఘాలు అభ్యంతరం చెప్పడంతో సర్వీసులో ఉండగానే విడతల్లో ఇచ్చేలా మార్చారు.

ఇక్కడ కూడా ప్రశ్న డబ్బు ఇస్తారా లేదా అన్నది కాదు. ఎప్పుడు, ఎంత విలువతో అన్నదే. ఇరవై ఏళ్ల సర్వీసు మిగిలిన ఉద్యోగికి 'రిటైర్మెంట్‌లో ఇస్తాం' అంటే, వడ్డీ లేకుండా ఇరవై ఏళ్ల అప్పు తీసుకున్నట్టే. పశ్చిమ బెంగాల్ డీఏ బకాయిల కేసులో 25 శాతం ముందు చెల్లించమని 2025 మే 16న సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. కాబట్టి ఈ చర్చ ఒక్క రాష్ట్రానిది కాదు.

అందరికంటే బలహీనంగా ఉన్నది కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది. 2020 జీవోలో వాళ్లకు ఆపింది 10 శాతమే. కానీ రూ.12,000 జీతంలో రూ.1,200 ఆగితే వచ్చే కష్టం, లక్ష జీతంలో సగం ఆగితే వచ్చే కష్టం వేరు. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే పని చేయించుకున్న ప్రధాన యజమానే ఇవ్వాలన్న సూత్రం 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి. ఈ రెండు సంగతులూ తెలిసినవాళ్లే తమకు రావాల్సింది అడగగలరు.

మీ జీతం ఆగితే ఏం చూడాలి?

ఏ ప్రభుత్వమైనా, ఏ పార్టీ అయినా, జీతం లేదా బకాయి వాయిదా వేస్తూ ఉత్తర్వు ఇస్తే మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి, దీనికి చట్టం ఉందా? జీవో మాత్రమే ఉంటే అది కోర్టులో నిలబడకపోవచ్చు. చట్టం లేదా ఆర్డినెన్స్ ఉంటే పరిమితి ఎంతో చూడాలి.

రెండు, తేదీ ఉందా? 'పరిస్థితి మెరుగుపడ్డాక' అనేది తేదీ కాదు.

మూడు, వడ్డీ ఉందా? లేకపోతే ఆలస్యం ఖర్చంతా మీ మీదే పడుతుంది.

వీటితో పాటు చిన్న పనులు కొన్ని ఉన్నాయి. ఆ నెల పే స్లిప్, జీవో కాపీ దాచుకోండి. ఎంత ఆగిందో లెక్క రాసి డీడీఓకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. డీడీఓ బిల్లు పెట్టారా, ట్రెజరీలో అభ్యంతరం పెట్టారా అన్నది సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు స్థితిని బట్టి తెలుస్తుంది. మరీ ఆలస్యం చేయకండి. కోర్టుకు ఎన్నేళ్ల తర్వాత వెళ్లినా, సాధారణంగా పిటిషన్ వేయడానికి ముందు మూడేళ్ల బకాయే దక్కుతుందని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

2020లో ఉద్యోగుల తరఫున కోర్టు మెట్లెక్కింది ఒక రిటైర్డ్ జడ్జి. తీర్పు లాభం లక్షల మందికి దక్కింది. తర్వాతిసారి అలాంటివాళ్లు ఉంటారో లేదో తెలియదు. జీవో వచ్చిన రోజే ఈ మూడు ప్రశ్నలూ అడిగితే, వడ్డీ కోసం పది నెలలు ఎదురుచూడాల్సిన పని ఉండదు.